డ్రెయిన్ ఆగినప్పుడే అప్రమత్తం కావాలి

సంపాదకులకు,

గుండె ఆపరేషన్ అయిన రోగికి డ్రెయిన్‌లో (ఛాతీలో చేరే రక్తాన్ని బయటికి తీసే ట్యూబులో) రక్తం ఒక్కసారిగా ఆగిపోతే, రక్తస్రావం తగ్గిందని నర్సులు తేలిగ్గా తీసుకోవడం ప్రమాదకరం. వెంటనే ట్యూబు ఎక్కడైనా మడతపడిందా, గడ్డ అడ్డుపడిందా అని చివరిదాకా చూడాలి. బయటికి రాని రక్తం గుండె చుట్టూ ఉన్న పొరలో చేరుతుంది. ఆ పొర అప్పటికప్పుడు సాగదు. వేగంగా చేరితే 150-200 మి.లీ. చాలు, గుండె నిండలేక బీపీ పడిపోతుంది.

బీపీ తగ్గడం, మెడ సిరలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం... ఈ మూడూ కనబడేదాకా ఆగకూడదు. రక్తం బాగా పోయినవారికి సిరలు అసలు ఉబ్బకపోవచ్చు. నాడి వేగం పెరగడం, పై బీపీకీ కింది బీపీకీ తేడా తగ్గిపోవడం, మూత్రం తగ్గడం, రోగి కంగారుపడటం చాలాసార్లు ముందే కనిపిస్తాయి. సొంతంగా ఊపిరి తీసుకునే రోగికి ఆర్టీరియల్ లైన్ (బీపీని ఎప్పటికప్పుడు చూపేందుకు ధమనిలో పెట్టే సన్నని గొట్టం) ఉంటే, గాలి పీల్చినప్పుడల్లా పై బీపీ 10 పాయింట్లకు మించి పడుతోందేమో మానిటర్‌లో గమనించాలి.

అనుమానం రాగానే సర్జన్‌ను పిలిచి, ఆక్సిజన్ పెట్టి, లావుపాటి క్యాన్యులా (సిరలో పెట్టే గొట్టం), ఎకో మిషన్ (గుండె స్కానింగ్ యంత్రం), ఛాతీ తెరిచే పరికరాల ట్రే సిద్ధం చేయాలి. ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయించేది), నైట్రోగ్లిజరిన్ (రక్తనాళాలను వదులుచేసేది) వంటి మందులు గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. అవి నడుస్తుంటే ఆ సంగతి డాక్టరుకు మొదటి మాటలోనే చెప్పాలి. సెలైన్ కొంతసేపు ఆదుకుంటుందేగానీ, చేరిన రక్తం తీయడమే చికిత్స.

ఛాతీ తెరిచే ఆ ట్రేను ఆపరేషన్ థియేటర్‌లో తాళం వేసి కాకుండా, ఐసీయూలోనే ఉంచేలా ఆస్పత్రుల యాజమాన్యాలు చూడాలి.

– ఒక ఐసీయూ నర్సు