జేజినాయన చేసిన పని గురించి ఒక్కరూ అడగలేదు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కడప జిల్లా పులివెందుల దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. మా జేజినాయనకు, అంటే తాతకు, 76 ఏళ్లు. మొన్నమొన్నటి దాకా తెల్లవారకముందే లేచి చీనీ చెట్లకు నీళ్లు కట్టి వచ్చే మనిషి. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడదని గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నారు.

పోయినేడు దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. నీరు చేరితే మన దగ్గర ముందు టీబీనే అనుమానిస్తారు, అందుకు డాక్టర్లను తప్పుపట్టను. కోర్సు అయిపోయాక నీరు మళ్లీ చేరింది. ఇంకో ఆస్పత్రికి పోతే, "వయసైపోయింది కదమ్మా, ఇంకెన్ని టెస్టులు చేయిస్తారు" అన్నారు. ఆ మాట జేజినాయన ముందే అన్నారు. అది నేను మర్చిపోలేను.

చివరికి బెంగళూరులో ముక్క తీసి పరీక్ష చేస్తే తేలింది. మీసోథీలియోమా అట. ఊపిరితిత్తి పైపొరకు వచ్చే అరుదైన క్యాన్సర్. అక్కడి డాక్టరమ్మ, "పెద్దాయనా, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారు?" అని అడిగారు. అన్ని ఆస్పత్రులు తిరిగితే ఆ మాట అడిగింది ఆమె ఒక్కరే. "రాతినార గనిలో, తొమ్మిదేళ్లు" అన్నారు జేజినాయన.

పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె వైపు, రాతినార గనులు ఉండేవని ఇప్పటి పిల్లలకు తెలియదు. రాతినార అంటే ఆస్బెస్టాస్, సిమెంటు రేకుల్లో కలిపేది. సుత్తితో రాయి పగలగొట్టి నార విడదీసేవాళ్లు. ముక్కుకు తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ తువ్వాలును మా జేజి వాకిట్లో దులిపేది. "దూది రేగినట్టు రేగేది, ఎండకు మెరిసేది" అని ఇప్పటికీ చెబుతుంది. ఆ దుమ్ము ఆమె కూడా పీల్చింది. లోపలికి పోయిన నార 20, 30, ఒక్కోసారి 50 ఏళ్ల తర్వాత కూడా ఈ జబ్బు తెస్తుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి కొత్త కాదు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రంగా ఉంచాలని 1995 జనవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 1952 గనుల చట్టం కింద ప్రకటించిన జబ్బుల్లో ఈ క్యాన్సర్ ఉండేది. ఎప్పుడో పని మానేసిన కార్మికుడైనా సరే, చూసిన డాక్టర్ గనుల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసి పంపాలని ఆ చట్టంలో ఉండేది. మరి మా జేజినాయన పేరు ఏ రికార్డులో ఉంది సార్? మా దగ్గర ఒక్క హాజరు చీటీ కూడా లేదు. పనికి పిలుచుకుపోయిన మేస్త్రీ ఎప్పుడో పోయారు.

ఈ వయసులో ఆపరేషన్ వద్దన్నారు. నీరు తీయడం, తట్టుకుంటే కీమో, నొప్పికి మందు, ఇవే మిగిలాయి. నీరు తీయించుకోవడానికి ప్రతిసారీ ఆయన్ను కారులో కూర్చోబెట్టి బెంగళూరు తీసుకుపోతున్నాం. గతుకు వచ్చినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. నీరు తీసే పని మా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలోనే జరిగేలా చూడండి. నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రలు కూడా అక్కడే దొరకాలి. ఆస్పత్రులు దాన్ని తెచ్చి ఉంచుకోవడం తేలిక కావాలనే 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు కదా.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మన జిల్లాలో ఊపిరితిత్తి చుట్టూ నీరుతో వచ్చే ప్రతి ముసలి మనిషినీ పాత పని ఏమిటో అడిగి, ఓపీ చీటీ మీద రాయమని ఆదేశాలివ్వండి. ఆడవాళ్లనైతే ఇంట్లో ఎవరైనా గనికి పోయారా అని కూడా అడగాలి. గనుల చుట్టుపక్కల ఊళ్లకు ఏఎన్‌ఎంలను, ఆశా కార్యకర్తలను పంపితే పాత కార్మికుల జాబితా తయారవుతుంది.

జేజినాయనతో కలిసి పనిచేసిన వాళ్లలో ఇంకా నలుగురు బతికున్నారు. ఆయన చెబుతుంటే పేర్లు, ఊళ్లు నేను రాసిపెట్టాను. వాళ్లలో ఒకాయనకు ఉగాది నుంచి దగ్గు తగ్గడం లేదట. మీ శాఖ నుంచి ఎవరొచ్చినా ఆ కాగితం చేతికిస్తాను. త్వరగా పంపండి సార్.

ఇట్లు,
ఒక మనవరాలు
పులివెందుల ప్రాంతం, కడప జిల్లా