బస్సు సంగతి ఎవరిని అడగాలే పద్మా

హైదరాబాద్,
2025 డిసెంబరు

పద్మా,

నీ ఉత్తరం అందింది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి తగ్గి మెట్లెక్కుతున్నారని రాశావు, మనసు కుదుటపడింది. చిన్నదాని కాలేజీ కబుర్లకు విడిగా జవాబు రాస్తాలే. ముందు నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న సంగతి తేల్చాలి. ‘మీ ఊళ్లో ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టబట్టే మెట్రో మునిగిపోయిందట, దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ చేతులెత్తేసిందట, ఇప్పుడు మా ఆంధ్రలోనూ స్త్రీశక్తి పేరుతో ఆ ఉచిత బస్సే పెట్టారు, ఇక మా ఆర్టీసీ గతి ఏమవుతుందో అని ఈయన ఒకటే గోల’ అని రాశావు చూడు, అది. ఈ ఉత్తరం అన్నయ్యగారికి మొత్తం చదివి వినిపించు, మధ్యలో లేచిపోనివ్వకు.

మెట్రోకు 2020-21లో వచ్చిన నష్టం 1,767 కోట్లు. ఆ మరుసటి ఏడాది 1,746 కోట్లు. ఇక్కడ ఆడవాళ్లకు ఉచిత బస్సు, అదే మహాలక్ష్మి పథకం, మొదలైంది 2023 డిసెంబరు 9న. బస్సులో మేము టికెట్ కొనడం మానేయడానికి చాలా ముందే అక్కడ వందలు, వేల కోట్ల నష్టాలు పేరుకున్నాయి. కరోనాలో రైళ్లు ఆర్నెల్లు కదల్లేదు, ఆ తర్వాత ఆఫీసులు ఇంటికొచ్చేశాయి, అప్పు మీద వడ్డీ మాత్రం ఏ నెలా ఆగలేదు. 2024 మేలో ఎల్ అండ్ టీ పెద్ద అధికారి ఒకరు ఉచిత బస్సు వల్ల మాకు ప్రయాణికులు తగ్గుతున్నారని అన్నారు, నిజమే. ఆ ఒక్క మాటే అందరికీ గుర్తుండిపోయింది. కొందరు ఆడవాళ్లు మెట్రో మానేసి బస్సుకు వచ్చే ఉంటారు, కాదనను. కానీ అంత అప్పుకు కారణం మన జీరో టికెట్ అంటే ఎలా ఒప్పుకుంటామే?

అసలు ఆ మెట్రో కథ మొదటి నుంచీ వింటే నీకే తెలుస్తుంది. 2008లో ఈ పనిని దక్కించుకున్నది సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్. ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోకపోగా 35 ఏళ్లలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు ఇస్తామన్నారు. ప్రపంచంలో ఏ ఊళ్లో మెట్రో కట్టినవాడు అలా ఇచ్చాడని! ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు, ఈ లెక్క రైలు మీద వేసింది కాదు, దానితోపాటు ఇచ్చే భూముల మీద వేసింది అని. దానికి మన రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, ఆ ఏడే ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. అందులోనూ వేసుకున్న లెక్క ఏమిటంటే రాబడిలో సగం టికెట్ల నుంచి, మిగతా సగంలో దాదాపు అంతా మాల్స్, స్థలాల అద్దెల నుంచి. అంటే మెట్రో బాగుండాలంటే మనం రైలెక్కితే చాలదు, పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో దుకాణాలన్నీ కళకళలాడాలి. ఆ పైన అసెంబ్లీ దగ్గరా, సుల్తాన్ బజార్‌లోనూ దారి మార్చాలనే గొడవలు, ఆస్తుల సేకరణ, కోర్టులు. పని సాగేకొద్దీ ఖర్చు పెరిగింది. 2017 నవంబరులో మొదటి రైలు కదిలింది, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి, నెలన్నరకల్లా లాక్‌డౌన్.

ఇప్పుడు సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొత్తం తానే తీసుకోవడానికి ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తిన, ఎల్ అండ్ టీ వాటాకు ఇంకో 2,000 కోట్లు. ప్రైవేటువాళ్లు కడితే ప్రజల మీద భారం ఉండదని చెప్పిన పదిహేనేళ్ల తర్వాత, ఆ భారం ఇలా వచ్చి చేరింది. మే నెలలో చార్జీలు పెంచితే 10 రూపాయల టికెట్ 12, 60 రూపాయలది 75 అయింది. జనం గోలపెడితే పది శాతం తగ్గించి 11, 69 చేశారు. ఇది కూడా ఉచిత బస్సు పాపమేనా, అడుగు అన్నయ్యగారిని.

సరే, బస్సు దగ్గరికొస్తాను, నా మనసంతా దాని మీదే.

మా వీధిలో నాలుగిళ్లలో వంట చేసే ఆవిడ ఉంది. ఇదివరకు నడిచి వెళ్లగలిగే ఇళ్లకే పనికి ఒప్పుకునేది. దూరం వెళ్తే ఆటోకే సగం జీతం పోయేది. ఇప్పుడు రెండు బస్సులు మారి తార్నాక వైపు వెళ్తోంది, అక్కడ జీతం ఎక్కువ. నెలకు మిగిలిన డబ్బుతో కూతుర్ని కంప్యూటర్ క్లాసులో చేర్చింది. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చుకునే ఆడవాళ్లు, కోఠిలో సరుకు కొని బస్తీల్లో అమ్ముకునేవాళ్లు, గాంధీ ఆసుపత్రికి తల్లిని తీసుకెళ్లే కూతుళ్లు, వీళ్లందరినీ నేను రోజూ చూస్తున్నాను. ఇంట్లో ఎవర్నీ చెయ్యిచాచి అడక్కుండా గడప దాటడం ఎంత పెద్ద సంగతో నీకూ నాకూ తెలుసు. మన హాస్టల్ రోజుల్లో బస్ పాస్ రెన్యువల్‌కు నాన్నని డబ్బులడగడానికి ఎంత జంకేవాళ్లం! ఈ పథకం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపమొస్తుంది. ఊరికే తిరుగుతున్నారు అంటారు చూడు, తిరగనివ్వండి. ఊరంటే తిరగడానికే.

కానీ ఒక తప్పు జరిగింది, అది మాత్రం నీకు చెప్పాలి, మీ దగ్గర జరగకుండా చూసుకోవాలి. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 2019 సమ్మె తర్వాత ఈ నగరంలో వందల బస్సులు తగ్గించారు, కొన్నిటిని సరుకు బండ్లుగా మార్చారు. ఆ సమ్మె గుర్తుందిగా, 52 రోజులు, దాదాపు 48 వేలమంది. వాళ్ల మొదటి డిమాండు ఆర్టీసీని ప్రభుత్వంలో కలపమని. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అది జరిగే పని కాదన్నారు, ఉద్యోగులు తమను తామే తొలగించుకున్నట్టేనన్నారు. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. అదే ప్రభుత్వం, 2023 ఆగస్టులో, ఎన్నికలు మూడు నాలుగు నెలలు ఉన్నాయనగా, అదే విలీనం బిల్లు అసెంబ్లీలో పెట్టి పాస్ చేసింది. అప్పుడు కుదరనిది ఇప్పుడెలా కుదిరిందని అడిగినవాళ్లు లేరు. ప్రభుత్వం మారినా ఆ విలీనం అమలు చేయమనే 2025 మేలో మళ్లీ సమ్మెకు దిగుతామన్నారు. మీ దగ్గర 2020 జనవరిలోనే అయిపోయింది కదా, అదృష్టవంతులు.

ఇప్పుడు బస్సులో చూస్తే కండక్టరమ్మ ఆధార్ చూపించండమ్మా, జీరో టికెట్ తీసుకోండమ్మా అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. ప్రతి జీరో టికెట్ లెక్కా ఉంటేనే ప్రభుత్వం నుంచి డబ్బు వస్తుంది మరి. వెనక మగవాళ్లు ‘పైసలిచ్చేది మేమే, నిలబడేదీ మేమే’ అంటారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది పద్మా. అక్టోబరు 6 నుంచి సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకు డిపోలు, చార్జింగ్ ఏర్పాట్లు కావాలన్నారు. కావాలి, నిజమే. కానీ ఆ పెంపు కట్టేదెవరు? బోరబండ నుంచి కూలికి వెళ్లే మగవాడు. భార్యకు మిగిలింది భర్త టికెట్‌కు పోతే ఆ ఇంటికి ఏం మిగిలినట్టు? ఆ కోపం పక్కన కూర్చున్న ఆడమనిషి మీదికి మళ్లుతోంది, నాకు బాధంతా అక్కడే. బెంగళూరులో ఆరువేలకు పైగా సిటీ బస్సులున్నాయి, మనకు దాదాపు మూడు వేలు. ఇంకో మూడు వేలుంటే సీటు కోసం ఆడా మగా కొట్లాడుకోవాల్సిన పనేముంది?

అయితే ఈ మాట ఎవరితో చెప్పాలి? ఇక్కడే నాకు నిద్ర పట్టదు. బస్సు ఆర్టీసీది, అంటే రాష్ట్ర రవాణా శాఖ. బస్టాపులో షెల్టరు నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీది, దాన్ని ప్రకటనల ఏజెన్సీలకు ఇస్తారు, కాబట్టి బోర్డు బాగా కనిపించే చోట షెల్టరు లేస్తుంది, జనం నిలబడే చోట చెట్టు నీడే గతి. సిగ్నలు ట్రాఫిక్ పోలీసులది. మెట్రో మున్సిపల్ శాఖ కింద. లోకల్ రైలు ఎంఎంటీఎస్ రైల్వే వాళ్లది, ఢిల్లీ దాకా పోవాలి. ఆ ఎంఎంటీఎస్ ఎంత మంచిదో! 2003 నుంచి ఉంది, ఇప్పటికీ టికెట్ 5 రూపాయల నుంచే. రెండో దశకు మూడింట రెండు వంతులు రాష్ట్రం పెట్టాలి, ఒక వంతు రైల్వే. ఆ వాటాల తగువుల్లో ఏళ్లు గడిచి మేడ్చల్ లైను 2023లో, ఘట్‌కేసర్ లైను 2024లో తెరిచారు, తీరా చూస్తే నడిచే రైళ్లు కొన్నే. వీళ్లందర్నీ కలిపి కూర్చోబెట్టడానికి ఉమ్టా అని ఒక ఉమ్మడి సంస్థ పేరు చాలా ఏళ్లుగా వింటున్నాం. మా బస్టాపులో దాని పేరు విన్నవాళ్లు ఒక్కరు కూడా కనబడలేదు.

నీకో సంగతి చెప్పనా, నిజాం కాలంలో 1932లో హైదరాబాద్ సంస్థానంలో బస్సులు మొదలుపెట్టింది నిజాం స్టేట్ రైల్వేనే. 27 బస్సులతో. రైలు, బస్సు ఒకే గొడుగు కింద. తొంభై ఏళ్ల తర్వాత మనం రైలు దిగి బస్సెక్కాలంటే రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోవాలి.

కార్పొరేషన్‌ను ఇందులోకి తేవాలని ఒకసారి చూశారు. సిటీ బస్సుల నష్టం జీహెచ్‌ఎంసీ భరించాలని రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నిర్ణయించారు. రెండేళ్లు కలిపి 336 కోట్లు ఇచ్చింది, ఆ తర్వాత మా దగ్గర లేవని మానేసింది. నాకు ఆ ఆలోచన ఇప్పటికీ నచ్చుతుంది. డబ్బిచ్చేవాళ్లకు అడిగే హక్కు ఉంటుంది కదా, అప్పుడైనా కార్పొరేటర్ మా వార్డుకు ఎన్ని ట్రిప్పులు వస్తున్నాయని లెక్క అడిగేవాడు. ఇప్పుడు అతన్ని బస్సు గురించి అడిగితే నాలా, వీధి దీపం, చెత్త బండి చూపిస్తాడు. 2020 ఎన్నికలు చూడు. టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ప్రచారమంతా వరద సాయం పదివేలు, పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్. బస్సు మాట బాగా విన్న గుర్తే లేదు నాకు. ఓటేసింది నూటికి 46 మంది.

బస్సుకు శంకుస్థాపన రాయి ఉండదే, అది దాని దురదృష్టం. ఫ్లైఓవర్‌కు ఉంటుంది, మెట్రోకు ఉంటుంది. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రో అని కేసీఆర్ రాయి వేశారు. ఏడాదికి రేవంత్ రెడ్డి వచ్చి ఆ దారి వద్దు, పాతబస్తీ మీదుగా వెళ్దామన్నారు. ఆయన నిర్ణయమే సరైందని నా అభిప్రాయం, ఎందుకంటే ఫలక్‌నుమా దాకా మెట్రో మొదటి ప్లానులోనే ఉంది, ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆపేసి పాతబస్తీని వదిలేశారు. అంత జనం, అంత ఇరుకు, అక్కడే ముందు వేయాల్సింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో రాయి వేశారు, దారుల్‌షిఫా నుంచి ఇళ్లు, దుకాణాలు పోగొట్టుకునేవాళ్లకు పరిహారం చెక్కులు మొదలయ్యాయి. రెండో దశ 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లని లెక్క కట్టి కేంద్రానికి పంపి ఏడాది దాటింది. ఆ రైలు వచ్చేదాకా చాంద్రాయణగుట్ట ఆడపిల్ల కాలేజీకి వెళ్లేది బస్సులోనే కదా, ఆ బస్సు సంగతి ఈ ఏడాదే చూడొచ్చు కదా!

మొన్న జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో మాత్రం కాస్త మార్పు కనిపించింది. చార్జీలు పెంచారని బీఆర్‌ఎస్ వాళ్లు బస్సెక్కి ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్‌కు వెళ్లారు, కాంగ్రెస్ వాళ్లు ఉచిత బస్సు చూపించి ఓటడిగారు. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా, బస్సు మాట ఎన్నికల్లో వినబడింది, అది నాకు సంతోషం. ఇద్దరిలో ఎవరూ బోరబండకు ఎన్ని బస్సులు పెంచుతామో మాత్రం నాకు వినబడేలా చెప్పలేదు.

ఫిబ్రవరితో ఇప్పటి పాలకమండలి గడువు అయిపోతుంది. పైగా చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలుపుతామని నవంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. మేడ్చల్, ఘట్‌కేసర్, శంషాబాద్, తెల్లాపూర్ అన్నీ నగరమే ఇక. పన్ను నగరం పన్ను కడతారు, మరి బస్సు? అందుకే మా కాలనీ ఆడవాళ్లం ఒక కాగితం తయారు చేస్తున్నాం, ఎన్నికలు ఎప్పుడు పెట్టినా ఓటడగడానికి వచ్చే ప్రతివాళ్ల చేతిలో పెడతాం. తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికులు పనికి వెళ్లే వేళకు మొదటి బస్సు ఉండాలని, రాత్రి షిఫ్టు దిగే పిల్లలకు చివరి బస్సు ఉండాలని, మెట్రో స్టేషన్ నుంచి కాలనీల్లోకి చిన్న బస్సులు తిరగాలని. కేంద్రం పథకంలో హైదరాబాద్‌కు ఇస్తామన్న 2,000 ఎలక్ట్రిక్ బస్సుల్లో మా డిపోకు ఎన్ని, వాటి డ్రైవర్లు ఎవరి ఉద్యోగులు అని కూడా రాశాం. కార్పొరేటర్ చేతిలో లేదంటారని తెలుసు. చేతిలో లేకపోతే ఉన్నవాళ్ల దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లమంటాం.

నీకొక పని చెప్తాను. స్త్రీశక్తి మొదలైన ఆగస్టు 15 తర్వాత మీ బెజవాడ సిటీ సర్వీసుల్లో కొత్తగా ఎన్ని బస్సులు వేశారో డిపోలో కనుక్కో. ఎక్కేవాళ్లు ఎంత పెరిగారో ఎలాగూ చెప్తారు, బస్సుల సంఖ్య మాత్రం నువ్వే అడగాలి. మీకూ మెట్రో వస్తుందంటున్నారుగా, అందులో భూములెవరికి, అప్పెవరికి అన్నది పేపర్లో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచిపెట్టు. అన్నయ్యగారు వీటికి ఏమంటారో కూడా రాయి, ఆయన వాదన గట్టిగా ఉంటే జవాబిస్తాను.

సంక్రాంతికి మీరు రాకపోతే మేమే వస్తాం. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రమ