‘ఇంజన్ ఫెయిల్’ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు,

మంచు పడే చోట హెలికాప్టర్ కూలితే వార్త రెండు ముక్కల్లో తేలిపోతుంది: ‘సాంకేతిక లోపం’, లేదా ‘ఇంజన్ ఫెయిల్’. హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఆ ఉదయం ఇన్‌టేక్‌లో ఎవరైనా చెయ్యి పెట్టి చూశారా?

టర్బైన్ ఇంజన్‌లోకి గాలి పోయే దారే ఇన్‌టేక్. కవర్ సరిగా వేయకపోతే అందులో రాత్రంతా మంచు చేరుతుంది. వెచ్చటి హ్యాంగర్‌లోంచి మంచు కురుస్తుండగా బయటికి తీసినా ఇదే కథ. వేడి రేకు మీద పడ్డ మంచు కరిగి, కాసేపటికే గడ్డ కడుతుంది. స్టార్ట్ చేసినప్పుడు ఏమీ కాకపోవచ్చు. గాల్లోకి లేచాక ఆ గడ్డ ఊడి, గాలిని నొక్కి పంపే కంప్రెసర్‌లోకి పోతే లోపల మంట ఆరిపోవచ్చు. ఒక్క ఇంజనే ఉంటే పైలట్‌కు మిగిలేది ఒకటి రెండు సెకన్లు. ఆలోపు రెక్కల కోణం మార్చే కలెక్టివ్ లివర్ దించి, పైన తిరిగే ఆ రెక్కల (రోటర్) వేగం పడిపోకుండా చూసుకోవాలి. ఎత్తు చాలకపోతే అదీ కుదరదు.

‘యాంటీ ఐస్ స్విచ్ ఉందిగా’ అంటారు. అది ఉన్నది కొత్తగా మంచు పట్టకుండా చూడ్డానికి. రాత్రి పేరుకున్న గడ్డ దాని వల్ల పోతుందని నమ్ముకోలేం.

గాజులాంటి మంచు టార్చి వేసినా ఒక్కోసారి కనబడదు. గ్లౌజు తీసి వేళ్లతో తడమాలి. ఓసారి నేనలా తడుముతుంటే, “నిన్న సాయంత్రం చూశాంగా, కానివ్వండి” అన్నాడు పైలట్. ప్రయాణికులు అప్పటికే ఎక్కి కూర్చున్నారు, అతని టెన్షన్ అతనిది. లోపలి మూలలోంచి అరచేయంత మంచు పలక ఊడి నా చేతిలోకొచ్చింది. అతను మరి మాట్లాడలేదు. నా వేళ్లకు మాత్రం చాలాసేపు స్పర్శ లేదు.

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ఎఫ్ఏఏ దీనిమీద ఎప్పుడో బులెటిన్ ఇచ్చింది. కాకపోతే ఆ రకం బులెటిన్ సలహా మాత్రమే, పాటించి తీరాలని లేదు. నా గొడవంతా అక్కడే. మంచులో ఎగిరే ప్రతి హెలికాప్టర్‌కూ తనిఖీ కాగితంలో ఇన్‌టేక్‌కు విడిగా ఒక గడి, అందులో టైమ్, సంతకం తప్పనిసరి చేయాలి. సంతకం పెట్టాక మళ్లీ మంచు కురిస్తే అది చెల్లకూడదు. ఈసారి అలాంటి ప్రమాదం జరిగితే మీ విలేకరి ముందుగా ఆ కాగితం చూపించమని అడగాలి.

– ఒక రిటైర్డ్ హెలికాప్టర్ మెకానిక్