నురగకు కారణం మేమిచ్చిన గొట్టం

ఇంట్లో తయారుచేసుకున్న బీరును ట్యాప్‌తో పట్టుకునే కిట్ మా దగ్గర కొన్న అందరికీ నమస్కారం.

గత బ్యాచ్ కిట్లు తీసుకున్నవాళ్ళలో చాలామంది ఒకే మాట చెప్పారు. ట్యాప్ తెరిస్తే గ్లాసులో ముప్పాతిక వంతు నురగే, అడుగున కాస్త బీరు. అడిగినవాళ్ళందరికీ నేను "ప్రెషర్ తగ్గించి చూడండి" అన్నాను. ఆ సలహా తప్పు. అసలు కారణం కెగ్ (బీరు నింపే స్టీలు పీపా) నుంచి ట్యాప్‌కి బీరు తెచ్చే గొట్టం పొడవు. కిట్ ధర తగ్గించాలని మూడు మీటర్ల గొట్టాన్ని మీటరున్నరకు కుదించాం. ఆ నిర్ణయం నాది, క్షమించండి.

కెగ్‌లో బీరు మూడు నాలుగు డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో, సుమారు 12 పీఎస్ఐ (ప్రెషర్‌ను కొలిచే యూనిట్) ప్రెషర్ కింద ఉంటుంది. ఆ ఒత్తిడే సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్‌ను బీరులో కరిగించి ఉంచుతుంది. బయటికొచ్చేసరికి ఆ ప్రెషర్ మెల్లగా తగ్గాలి. 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సన్నని గొట్టంలో మూడు మీటర్లు ప్రయాణిస్తే రాపిడికి అలాగే తగ్గుతుంది. గొట్టం పొట్టిదైతే ట్యాప్ దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది, కరిగున్న గ్యాస్ అంతా అక్కడే నురగై బయటపడుతుంది. నేను చెప్పినట్టు ప్రెషర్ తగ్గించినవాళ్ళకు మొదటి రోజు బాగానే అనిపించి ఉంటుంది. కానీ నాలుగు రోజులు గడిచేసరికి బీరులోని గ్యాస్ కెగ్ పైభాగంలోకి చేరిపోతుంది, బీరు చప్పబడుతుంది. నెలల తరబడి ఓపికపట్టి తయారుచేసుకున్న బీరు చివరి మీటరులో పాడవడం నాకు చాలా బాధగా ఉంది.

గత బ్యాచ్ కొన్న అందరికీ మూడు మీటర్ల గొట్టం ఉచితంగా పంపుతున్నాం. అది బిగించాక ప్రెషర్ మళ్ళీ 12కి పెట్టి ఒక వారం ఆగండి, పోయిన గ్యాస్ తిరిగి కరగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ధార మరీ నెమ్మదిగా వస్తే ఒక్కోసారి 15 సెంటీమీటర్ల చొప్పున కోసుకుంటూ చూడండి. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి తొందరపడొద్దు. మొదటి గ్లాసు మాత్రమే నురగగా వచ్చి రెండోది బాగుంటే అది పొడవు సమస్య కాదు, ట్యాప్ వెచ్చగా ఉందని అర్థం. గొట్టం మొత్తాన్ని చల్లటి పెట్టెలోనే చుట్టి ఉంచండి.

ఇంకో మార్పు. ఫ్రిజ్ గోడలోంచి ట్యాప్‌కి వెళ్ళే గొట్టపు ముక్క ఇదివరకు పైపూత వేసిన ఇత్తడిది. బీరు పులుపు పదార్థం, పూత అరిగితే ఇత్తడిని తాకుతుంది. ఇకమీదట 304 స్టెయిన్‌లెస్ స్టీలే ఇస్తాం. దీనివల్ల కిట్ ధర కొంచెం పెరుగుతుంది. ఈ విషయంలో రాజీ పడలేను.

ధర ఎక్కువైందనుకునేవాళ్ళకు ఒక మాట. మా దగ్గర కొనక్కర్లేనివి చాలా ఉన్నాయి. ఒక్క కెగ్ ఉన్నవాళ్ళకు గొట్టం చివర పెట్టుకునే ప్లాస్టిక్ చేతి ట్యాప్ చాలు, ఖరీదైన స్టీల్ ట్యాప్ అవసరం లేదు. పాత చెస్ట్ ఫ్రీజర్ ఉంటే మూతకూ పెట్టెకూ మధ్య చెక్క ఫ్రేమ్ బిగించి, రంధ్రాలు ఆ చెక్కకే వేయండి. పక్క గోడలకు మాత్రం డ్రిల్ పెట్టొద్దు, వాటి లోపలే చల్లబరిచే గ్యాస్ పైపులు ఉంటాయి. ఫ్రీజర్‌ను దాని మానాన వదిలితే బీరు గడ్డకడుతుంది కాబట్టి విడిగా టెంపరేచర్ కంట్రోలర్ కావాలి. దాని సెన్సార్‌ను గాల్లో వేలాడదీయకుండా కెగ్‌కు టేపుతో అతికించండి.

రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెషర్‌ను తగ్గించి కెగ్‌కు పంపే పరికరం) లేకుండా కిట్ ఇవ్వమని కొందరు అడుగుతున్నారు. ఇవ్వను. గది ఉష్ణోగ్రతలో సీఓ2 సిలిండర్ లోపల 800 పీఎస్ఐ పైనే ఉంటుంది. ఇళ్ళలో ఎక్కువగా వాడే 19 లీటర్ల కార్నీ రకం కెగ్ సాధారణంగా 130 పీఎస్ఐ వరకే తట్టుకునేలా చేస్తారు. ఆ రెండిటి మధ్యా నిలబడేది రెగ్యులేటర్ ఒక్కటే. పెట్టెను, ఫ్రేమ్‌ను, హ్యాండిల్‌ను ఎంత చవకగా అయినా చేసుకోండి, ప్రెషర్ ఉన్న చోట మాత్రం ఇంట్లో కుదిర్చిన వస్తువు వాడొద్దు. బిగించాక ప్రతి జాయింట్ మీదా సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. మూసిన చిన్న గదిలో ఈ గ్యాస్ లీకైతే ప్రాణానికే ప్రమాదం.

సొంత డబ్బుతో ఇప్పటికే పొడవైన గొట్టం కొనుక్కున్నవాళ్ళు ఆ బిల్లు పంపండి, ఆ మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. నా సలహా విని ప్రెషర్ తగ్గించి, చప్పబడిందని బీరు పారబోసినవాళ్ళు ఉంటే వాళ్ళు కూడా రాయండి. తర్వాతి సిలిండర్ ఫిల్లింగ్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోం.