మిషిగన్ చలికాలం, మన పాత కార్లు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత మే నుంచి ఈ ఏప్రిల్ చివరి వరకు సంఘం చేసిన పనులు మీ ముందు ఉంచుతున్నాను. వేసవి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర ఏటా జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు ఎప్పటిలాగే కలిసి వెళ్లాం. మళ్లీ రోడ్డెక్కిన మన అంబాసిడర్ ఆగిన చోటల్లా జనం మూగారు. జమాఖర్చుల కాగితం విడిగా పంపుతున్నాం.

ఈ ఏడాది ఎక్కువ శ్రమ చలికాలం మీదే పెట్టాం. కారణం ఆ అంబాసిడరే. సభ్యుడొకరు వాళ్ల నాన్నగారు నడిపిన బండిని ఓడలో తెప్పించుకున్నారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ రేడియేటర్‌లో కుళాయి నీళ్లే పోశారు, ఇక్కడికి వచ్చాక కూడా అదే అలవాటు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పోత ఇనుము దానికి తట్టుకోదు. ఈ చలికాలానికి ముందటి చలికాలంలో ఇంజిన్ బ్లాక్ పగిలింది. ఎంజీఏ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులోనూ అదే 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్ ఉండేది కాబట్టి, బ్రిటిష్ కార్లు ఉన్నవాళ్ల సాయంతో వేరే బ్లాక్ దొరికింది. అయినా బాధ పోలేదు. ఆ బండి మన పిక్నిక్‌లకు ఎన్నిసార్లు వచ్చింది! రేడియేటర్‌లో ఏం పోశారని మనలో ఒక్కరమూ అడగలేదు.

అందుకే అక్టోబర్‌లో కమిటీ ఇంటింటికీ వెళ్లి గ్యారేజీలు చూసింది. ప్రతి కారు కూలెంట్‌నూ, అంటే రేడియేటర్‌లో పోసే ద్రవాన్ని, ఎంత చలికి గడ్డకడుతుందో చెప్పే టెస్టర్‌తో పరీక్షించాం. గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 35 డిగ్రీల దాకా భయం లేదు. ట్యాంకు నింపి, పెట్రోల్ నిల్వలో పాడవకుండా స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు ఇంజిన్ నడిపించాం. పాత ఆయిల్‌లో చేరిన తేమ, ఆమ్లాలు నెలల తరబడి బేరింగులను తింటాయి కాబట్టి ముందే మార్పించాం. బ్యాటరీల చార్జి దిగకుండా చూసే మెయింటెయినర్లు తగిలించాం. చార్జి దిగిపోయిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టి పగలగలదు, నిండుగా ఉన్నది అలా కాదు. నెలల తరబడి వేసి ఉంచితే బిగుసుకుపోతుందని హ్యాండ్‌బ్రేక్ వేయకుండా చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాం.

మన ఇళ్లలోనే ఎదురయ్యే సంగతి ఒకటుంది. దసరాకు వాహన పూజ చేసి, బండిని అలాగే కప్పేస్తున్నాం. పసుపు, కుంకుమలు కారు పెయింట్ మీద మరకలవుతాయి. కొబ్బరినీళ్లు క్రోమ్‌ను పాడుచేస్తాయి. సీట్ల సందుల్లో పడ్డ అక్షింతలు, డ్యాష్‌బోర్డులో మిగిలిన ప్రసాదం ఎలుకలను పిలుస్తాయి. ఒక సభ్యురాలి కారులో ఎలుకలు సీటు స్పాంజి కొరికి గూడు కట్టాయి. పూజ మానమని కాదు, మర్నాడు కడిగి, బాగా ఆరనిచ్చి, వాక్యూమ్ చేయండి. ఎలుకలు దూరకుండా ఎగ్జాస్ట్ గొట్టంలో స్టీలు పీచు కుక్కి, తీయడం మర్చిపోకుండా స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ కట్టండి. కలరా ఉండలు వద్దు, ఆ వాసన ఏళ్లు గడిచినా పోదు. ప్లాస్టిక్ టార్పాలిన్ కింద చెమ్మ నిలుస్తుంది, గాలి ఆడే గుడ్డ కవరే వాడండి.

వారానికోసారి ఇంజిన్ స్టార్ట్ చేయాలా అన్నదానిపై జనవరి సమావేశంలో గట్టి వాదనే జరిగింది. ఐదు నిమిషాలు నడిపి ఆపితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు మిగిలిపోతుంది. కదిలించకుండా వదిలేయడమే మేలని నా అభిప్రాయం, చివరికి ఎక్కువమంది దానికే ఒప్పుకున్నారు.

ఉగాదికి బండి బయటికి తీయాలని అందరికీ ఉంటుంది. నాకూ ఉంది. కానీ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు అప్పటికి పోదు, అది తగిలితే బండి తుప్పు పడుతుంది. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది, ఇక్కడ ఉప్పుకు కొదవలేదు! రెండు మూడు మంచి వానలు పడేదాకా ఓపిక పట్టమని కోరాం, అందరూ పట్టారు. ఈసారి ఒక్క ఇంజిన్ కూడా పగల్లేదు. ఏప్రిల్ చివరి ఆదివారం అంబాసిడర్ మొదటి కీ తిప్పుకే స్టార్ట్ అయితే, ఆ బండి సభ్యుడి అమ్మగారు అక్కడే హారతి ఇచ్చారు.

కూలెంట్ టెస్టర్ ప్రస్తుతం నా దగ్గరే ఉంది. కొత్తగా పాత కారు కొన్నవాళ్లు అక్టోబర్ దాకా ఆగక్కర్లేదు, ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు
కార్యదర్శి