జులై 4 అల్లూరి జయంతి: చార్టుల పని

అందరికీ నమస్కారమండీ. 4న ఉదయం 8కి మన బ్రాడీపేట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పూలమాల, పిల్లల చార్టుల ప్రదర్శన.

చార్టులు 2వ తేదీ రాత్రికల్లా వాచ్‌మన్ గదిలో ఇవ్వండి. స్కెచ్ పెన్ను తడికి కారిపోతుంది, మార్కర్‌తో రాయించండి. నెట్‌లో పేరు కొడితే ముందు సినిమా స్టిల్స్ వస్తాయి, అవి అంటించొద్దు.

అల్లూరి దళం దాడి చేసిన పోలీస్ స్టేషన్ల వరుస తప్పకూడదు: 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు, ఇది పెద్దక్షరాల్లో ఉండాల్సిందే.

మన పల్నాటి కన్నెగంటి హనుమంతుకూ ఒక చార్టు కావాలి. పుల్లరి (అడవిలో పశువుల మేతకు వేసే పన్ను) కట్టబోమని నిలబడి 1922లోనే ప్రాణమిచ్చిన మించాలపాడు వీరుడు. ఎవరు రాస్తారో ఈ రాత్రికే చెప్పండి.