రికార్డు చూడకుండా సామాను మార్చొద్దు

సంపాదకులకు,

విజయవాడ ఆటోనగర్‌లో రేసు కార్ల పని పెరుగుతోందంటూ మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మన కుర్రాళ్లు పాత ఎస్టీములూ హోండా సిటీలూ కొని, ఇంజన్ పని చేయించి, శ్రీపెరంబుదూరు దగ్గరున్న ట్రాక్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్తున్న మాట నిజమే. అయితే ఆ కార్లలో పై ఆర్పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మాత్రమే, అదీ అప్పుడప్పుడే వచ్చే మిస్సింగ్‌ను, అంటే సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా తప్పిపోవడాన్ని, పట్టుకునే పద్ధతి మన దగ్గర ఇంకా కుదురుకోలేదని, దానివల్ల ఓనర్ల డబ్బూ మెకానిక్కుల పేరూ రెండూ పోతున్నాయని ఆ కథనంలో రాలేదు.

ఇంజన్ 5,000 దాకా శుభ్రంగా లాగుతుంది. 6,500 దాటాక ఒక్కోసారి దగ్గుతుంది, ఒక్కోసారి దగ్గదు. షెడ్డుకు తెచ్చి న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా చాలాసార్లు ఏమీ బయటపడదు. అందులో వింత లేదు. సిలిండర్‌లో గాలి నిండా చేరి ఒత్తిడి పెరిగినప్పుడే ప్లగ్గు దగ్గర స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు లేని ఇంజన్‌కు ఆ అవసరం రాదు. ఇక అక్కడి నుంచి సామాను మార్చడం మొదలవుతుంది: ప్లగ్గులు, కాయిళ్లు, పెట్రోల్ పంపు, చివరికి ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ. ఏదో ఒకటి మార్చాక కారు రెండు ల్యాపులు బాగా తిరిగితే రోగం కుదిరిందనుకుంటారు గానీ, అప్పుడప్పుడూ రాకుండా ఉండటం కూడా ఆ రోగ లక్షణమేనని గుర్తుంచుకోరు.

నాలుగు సిలిండర్ల ఇంజన్ 7,000 ఆర్పీఎంలో సెకనుకు దాదాపు 233 సార్లు మండుతుంది. అందులో ఐదారు తప్పితే కారు చిన్నగా కుదిపినట్టు తెలుస్తుందే తప్ప, ఎందుకు తప్పాయో ఎంత అనుభవమున్న చెవికీ అందదు. సెన్సర్ల రీడింగులను సెకనుకు పదిసార్లు మాత్రమే నమోదు చేసే లాగర్ పరికరానికి కూడా అందకపోవచ్చు. అందుకే ఆర్పీఎం, ఫ్యూయల్ ప్రెషర్, లాంబ్డా (గాలీ పెట్రోల్ పాళ్లు), బ్యాటరీ వోల్టేజి, థ్రాటిల్ (యాక్సిలరేటర్ ఎంత తొక్కారో) ఒకే గ్రాఫ్ మీద, వీలైనంత వేగంగా రికార్డు కావాలి.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. సైలెన్సర్ పైపులోని లాంబ్డా సెన్సర్ ఆక్సిజన్‌నే పసిగడుతుంది గానీ కాలకుండా బయటికొచ్చిన పెట్రోల్‌ను లెక్కపెట్టదు. స్పార్కు తప్పిన సిలిండర్ నుంచి కాలని గాలి కూడా వచ్చేస్తుంది కాబట్టి, పెట్రోల్ సరిపడా ఉన్నా మీటరు ‘లీన్’ (పెట్రోల్ తక్కువ) అనే చూపిస్తుంది. దాన్ని నమ్మి పెట్రోల్ పెంచితే ప్లగ్గులు తడిసి మిస్సింగ్ ఇంకా ముదురుతుంది. ముందు ప్రెషర్ పడిపోయి, ఆ తర్వాత లాంబ్డా మెల్లగా లీన్ వైపు జరిగితే తప్పు పెట్రోల్‌ది. ప్రెషర్ కదలకుండా లాంబ్డా ఒక్కసారిగా ఎగిరితే ముందు స్పార్కు సంగతి చూడాలి. ట్యాంకు సగానికి తగ్గాక, అదీ పొడవాటి మలుపుల్లోనే ప్రెషర్ పడుతుంటే పంపు మార్చి లాభం లేదు. పెట్రోల్ పక్కకు జరిగిపోయి పంపు గాలి పీలుస్తోందన్నమాట.

ఈ మధ్య మా షెడ్డుకు వచ్చిన ఒక కారుకు వేరేచోట కాయిళ్లూ పంపూ మార్చేశారు. మేం తీసిన లాగ్‌లో ప్రెషర్, వోల్టేజి గీతలు నిలకడగానే ఉన్నాయి. ఆర్పీఎం గీత మాత్రం 6,800 దగ్గర ఒక్క క్షణం సున్నాకు పడి మళ్లీ లేచింది. అంత వేగంలో తిరుగుతున్న ఇంజన్ ఆ కాస్తలో ఆగి మళ్లీ తిరగడం జరగని పని. తెగిపోయింది ఇంజన్ తిరుగుడును ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ సిగ్నల్. విప్పి చూస్తే సెన్సర్ బిగించిన బ్రాకెట్ పలుచటి రేకుతో చేసినది. సెన్సర్ మొన మీద, దాని ఎదురుగా తిరిగే పళ్ల చక్రం పన్ను రాసుకున్న సన్నటి మెరుపు గీత ఉంది. పైగా కాయిళ్ల కరెంటు సిగ్నల్‌ను చెడగొట్టేలా దాని వైరును కాయిల్ వైర్లతో కలిపి ఒకే టేపు చుట్టేశారు. మందపాటి బ్రాకెట్ చేయించి, గ్యాప్ సరిచేసి, షీల్డ్ (బయటి కరెంటు అలజడిని ఆపే లోహపు తొడుగు) ఉన్న వైరును విడిగా లాగి, ఆ షీల్డును ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేశాక రోగం వదిలింది. ఖర్చు ఆ కాయిళ్ల ధరలో చిన్న వంతు కూడా కాలేదు.

లోడు మీద పరీక్షించే వసతి లేక కొందరు ఈ కార్లను రాత్రిపూట గుంటూరు హైవే మీద 7,000 దాకా లాగి చూస్తున్నారు. రిజిస్ట్రేషన్ వివరాలకు పొసగని విధంగా బండిని మార్చడాన్నే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. అలాంటి బండితో అదే రోడ్డు మీద కుటుంబాలతో వెళ్లేవారి మధ్య పరీక్షలు చేయడాన్ని ఏ మెకానిక్కూ ఒప్పుకోకూడదు. కారును రోలర్ల మీద నిలిపి లోడు ఇచ్చే డైనమోమీటర్ ఒకటి ఆటోనగర్‌లో ఉమ్మడిగా ఏర్పాటు చేసి, గంటల లెక్కన అద్దెకిస్తే చాలా షెడ్లకు అందుబాటులోకి వస్తుంది. సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోపు పట్టడం, లాగ్ చదవడం మా కుర్రాళ్లకు సాయంత్రం పూట నేర్పమని ఇక్కడి పాలిటెక్నిక్ అధ్యాపకులను, అందుకు తోడ్పడమని రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక మోటారు మెకానిక్, పటమట, విజయవాడ